కారుకు చలేసింది

గుమ్మలబండలో చలి దీపావళి మర్నాడు మొదలవుతుంది. టపాకాయల పొగ పూర్తిగా వదలకముందే మంచు వచ్చి ఊరి మీద కూర్చుంటుంది, శివరాత్రి దాకా లేవదు. ఆ మర్నాడే గిరిజన బాలికల వసతిగృహం వార్డెన్ లెంక ఆదిలక్ష్మి దుప్పట్ల కోసం పై ఆఫీసుకు అర్జీ పెడుతుంది. పై ఆఫీసు వాళ్ళు దాన్ని శ్రద్ధగా చదివి, 'పరిశీలనలో ఉన్నది' అని జవాబు రాస్తారు. ఆ జవాబు కొండెక్కి వచ్చేసరికి మామిడికాయలు పచ్చడికి సిద్ధంగా ఉంటాయి. అప్పటికి చలి పోయి ఉంటుంది కాబట్టి సమస్య పరిష్కారమైనట్టే. మూడేళ్ళుగా ఈ పద్ధతి ఏ ఆటంకమూ లేకుండా నడుస్తోంది. నలభై మంది పిల్లలు మాత్రం ఒక్కో దుప్పట్లో ముగ్గురు చొప్పున దూరి, తెల్లవార్లూ చివరలు లాక్కుంటూ పడుకుంటున్నారు.

ఈ ఏడు అర్జీ వెళ్ళిన వారానికే ఊళ్ళోకి కారు వచ్చింది.

అది పసుపు రంగు స్పోర్ట్స్ కారు. నేలకు ఎంత దగ్గరగా ఉంటుందంటే దాని కింద దూరాలంటే పిల్లి కూడా ఒంగాలి. పట్నంలో ఏదో కంపెనీ యజమాని కొడుకు మంచులో ఫొటో దిగాలని దాన్ని కొండ మీదికి తోలుకొచ్చాడు. ఫొటో బాగానే వచ్చింది. ఆ ఆనందంలో తిరుగు దారి పట్టి, చెక్‌పోస్టు దగ్గర ఆగమన్నా ఆగక గేటును విరగ్గొట్టాడు. కేసయింది. కుర్రాడు టాక్సీ పిలిపించుకుని ఇంటికి పోయాడు. కారు మాత్రం ప్రభుత్వానికి చిక్కింది.

కోర్టువారు ఒక ఉత్తర్వు ఇచ్చారు. 'సదరు వాహనమును స్వాధీనపరచుకొన్న నాటి నడుచు స్థితిలోనే భద్రపరచి, తదుపరి ఆదేశముల మేరకు అప్పగించవలెను. స్థితిలో లోపము సంభవించినచో సంరక్షణాధికారి వ్యక్తిగతముగా బాధ్యత వహించవలెను.'

ఆ 'వ్యక్తిగతముగా' అనే మాట కులశేఖరరావు గారి గుండెల్లో రాయిలా పడింది. ఆయన మైదానంలో హాయిగా ఫ్యాను కింద కూర్చుని ఉద్యోగం చేసుకుంటున్న మనిషి. ఉగాదికి ప్రమోషను రావలసి ఉంది. అలాంటి ఆయన్ని వాహన సంరక్షణ ప్రత్యేకాధికారిగా వేసి కొండ మీదికి తోలారు. మంకీ క్యాపు, దాని మీద మఫ్లరు, దాని మీద శాలువా వేసుకుని ఆయన జీపు దిగేసరికి కళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. ఆ కళ్ళల్లో ప్రమోషనే కనబడింది.

కారు పెట్టడానికి చోటు వెతికారు. పోలీసుస్టేషనుకు పెరడే గాని కప్పు లేదు. మండలాఫీసుకు కప్పుంది గాని గుమ్మం చిన్నది. మిగిలింది వసతిగృహంలో భోజనశాల. అది ఒకప్పుడు చింతపండు గోదాము, లారీలు వెనక్కి పెట్టడానికి పెద్ద షట్టరుంది. కారును మెల్లగా అందులోకి తోశారు. ముందు డిక్కీకీ వెనక ఇంజను మూతకూ లక్కసీళ్ళు వేశారు. తాళంచెవిని గుడ్డసంచిలో కట్టి, దానికీ సీలు వేసి, కులశేఖరరావు గారు కోటు లోపలి జేబులో పెట్టుకున్నారు. పిల్లల్ని వరండాలో కూర్చుని తినమన్నారు.

వంటామె పాంగి మల్లమ్మ గరిటె పట్టుకుని ఇదంతా చూసింది. "కారుకి ఇల్లిచ్చినారు, పిల్లల్ని ఈదిలో ఎట్టినారు," అంది.

"నాలుగు రోజులే కదమ్మా," అన్నారు కులశేఖరరావు గారు.

ప్రభుత్వంవారి నాలుగు రోజులు ఎంత పొడుగుంటాయో మల్లమ్మకు తెలుసు. ఆమె వరండాలో గాలి రాకుండా గోనెపట్టాలు కట్టడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి ఎగువవంజరి నుంచి తవిటమ్మ ఫోను చేసింది. ఆమె ఇంకా పైనున్న కొండ మీద ఇలాంటి వసతిగృహానికే వార్డెను. రోజూ పిల్లలు పడుకున్నాక ఇద్దరూ కాసేపు ఫోన్లో చలిని తిట్టుకుంటారు.

"మీకు కారొచ్చిందట కదా అక్కా," అంది తవిటమ్మ. "అదృష్టవంతులు. మాకు చలి తప్ప ఏటీ రాదు."

"దాన్నేం చేసుకోమంటావు? కప్పుకోమంటావా?" అంది ఆదిలక్ష్మి. ఆ మాట అన్నప్పుడు ఆమెకు వేళాకోళం తప్ప వేరే ఉద్దేశమేదీ లేదు.

మర్నాడు కులశేఖరరావు గారు కారు కంపెనీ సర్వీసు మనిషికి ఫోను చేసి, నడుచు స్థితి అంటే ఏమేం చూసుకోవాలని అడిగారు. ఆదిలక్ష్మి పక్కనే హాజరు వేస్తోంది. ఆయన ఫోన్లో గట్టిగా మాట్లాడే రకం కాబట్టి అవతలివాడూ గట్టిగానే చెప్పాడు.

"బ్యాటరీ ఒక్కటి చూసుకోండి సార్. కదలకుండా పెట్టేస్తే దానంతట అదే దిగిపోతుంది. చలిలో ఇంకా తొందరగా నీరసిస్తుంది. కంగారేం లేదు, కారుతోపాటు చిన్న ఛార్జరు ఇస్తాం. గోడకు ప్లగ్గు పెట్టి, రెండో కొస తగిలించి వదిలేయండి. జీరో బల్బంత కరెంటు చాలు దానికి."

"ఆ ఛార్జరు ఎక్కడ ఉంటుంది?"

"ముందు డిక్కీలో. బ్యాటరీ కూడా అక్కడే ఉంటుంది."

కులశేఖరరావు గారు ముందు డిక్కీ వైపు చూశారు. దాని మీద లక్కసీలు ఎర్రగా మెరుస్తోంది. ఆయనే దగ్గరుండి వేయించింది.

సీలు తీయడానికి కోర్టు అనుమతి కావాలి. ఆయన అడిగారు. సీలు ఎందుకు తీయాలని కోర్టు కార్యాలయం అడిగింది. ఛార్జరు కోసమన్నారు. స్వాధీనపు జాబితాలో ఛార్జరు ఉందా అని అడిగింది. డిక్కీ తెరవకుండానే సీలు వేశారు గనక లేదు. 'జాబితాలో లేని వస్తువు డిక్కీలో ఉన్నదని భావించుటకు ఆధారములు లేవు' అని జవాబు వచ్చి, వెంటనే కోర్టుకు సెలవులు వచ్చాయి.

ఈ సంగతి చెబితే సర్వీసు మనిషి ఫోన్లో ఆ జవాబును రెండుసార్లు చదివించుకున్నాడు. చివరికి, "అయితే చలి తగలకుండా చూసుకోండి సార్. ఆ గది పది డిగ్రీల కిందికి పోనివ్వకండి. నాకు తోచింది అదొక్కటే," అని పెట్టేశాడు.

ఆ 'ఒక్కటే' ప్రభుత్వాన్ని కదిలించింది. గోదాము కిటికీలకు అద్దాలు పగిలి రెండేళ్ళయింది. ఆదిలక్ష్మి రాసి రాసి చేతులు నొప్పి పెట్టి అట్టముక్కలు అంటించుకుంది. ఆ కిటికీలకు సాయంత్రానికి కొత్త అద్దాలు వచ్చాయి. కారు పక్క అద్దానికి థర్మామీటరు కట్టారు. పట్నం నుంచి కారుకు ఉన్ని తొడుగు తెప్పించారు. దాన్ని తొడిగాక కారు అచ్చం కులశేఖరరావు గారిలాగే ఉందని పిల్లలు చెప్పుకున్నారు. అయినా పాదరసం ఎనిమిది దగ్గరే కూర్చుంది. లోపల వెచ్చదనం లేని వస్తువుకు ఎంత కప్పితే ఏం లాభం.

హీటర్లు పెట్టారు. మొదటి సాయంత్రమే ఫ్యూజు పోయి ఊరు ఊరంతా చీకటైంది. కుంపట్లు పెడదామంటే అగ్నిమాపక అధికారి వచ్చి, ట్యాంకులో పెట్రోలు ఉన్న గదిలో నిప్పు పెట్టిన వారిని వ్యక్తిగతముగా బాధ్యులను చేస్తానన్నాడు. ఆ మాట వినగానే కులశేఖరరావు గారు కుంపట్లను తన చేత్తోనే బయటికి మోశారు. తర్వాత మెట్ల మీద కూర్చుని తలపట్టుకున్నారు. ప్రమోషను మంచులో నడిచి వెళ్ళిపోతున్నట్టు కనబడింది ఆయనకు.

ఆ సాయంత్రం జల్లు కొట్టింది. వరండా తడిసిపోయింది. నాలుగో తరగతి చదివే కొర్రా సుభద్రకు వారం నుంచి దగ్గు, పుస్తకం పట్టుకుంటే పుస్తకం కూడా ఊగుతోంది. ఆదిలక్ష్మికి ఒళ్ళు మండింది. షట్టరు సగం ఎత్తి, నలభై మందినీ గోదాములోకి తోలి, కారు చుట్టూ కూర్చోబెట్టి ఎక్కాలు చదివించింది.

కులశేఖరరావు గారు ఎక్కాల శబ్దం విని పరుగెత్తుకొచ్చారు. అందర్నీ బయటికి తోలబోయారు. ఆయన చూపు థర్మామీటరు మీద పడింది. పదమూడు.

"ఏం చేశారు?" అన్నారు నెమ్మదిగా.

"ఏం చేయలేదు సార్. వాన కొడుతోందని పిల్లల్ని కూర్చోబెట్టాను. తిడితే తిట్టండి."

ఆయన తిట్టలేదు. పిల్లల మధ్యలోంచి జాగ్రత్తగా నడిచి వెళ్ళి థర్మామీటరును రెండుసార్లు తుడిచి చూశారు. పదమూడే. "అందరూ ఇక్కడే ఉండండి," అన్నారు. "ఎవరూ లేవకండి. తొమ్మిదో ఎక్కం అయిపోతే పదో ఎక్కం చదవండి."

రెండు రోజుల్లో దీని మీద అధికారుల సంఘం ఒకటి కూర్చుంది. కాలేజీ ఫిజిక్సు లెక్చరరును సలహా అడిగితే, కదలకుండా కూర్చున్న మనిషి కూడా దాదాపు వంద వాట్ల బల్బంత వేడి ఇస్తాడని చెప్పాడు. నిప్పు లేదు, పొగ లేదు, ఫ్యూజు పోదు. అగ్నిమాపక అధికారి కూడా పిల్లల వల్ల పెట్రోలు అంటుకోదని సంతకం చేశాడు. ఆ మీదట ఉత్తర్వు వెలువడింది. 'వసతిగృహ బాలికలను వాహన సంరక్షణార్థము ఉష్ణవనరులుగా వినియోగించుకొనుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. సదరు ఉష్ణవనరులు రాత్రివేళ వాహనము చుట్టును సమదూరమున శయనింపవలెను.'

ఆదిలక్ష్మి దాన్ని వంటింట్లోకి తీసుకెళ్ళి మల్లమ్మకు చదివి వినిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని కళ్ళ నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగింది. ఆగి, పొయ్యి వంక చాలాసేపు చూసింది.

"ఏటమ్మా, అలగైపోనావు?" అంది మల్లమ్మ.

"మూడేళ్ళ నుంచి నేను తప్పుగా అడుగుతున్నానే మల్లమ్మా," అంది ఆదిలక్ష్మి.

మర్నాడు ఆమె పంపిన అర్జీలో పిల్లలు అన్న మాటే లేదు. 'ఉష్ణవనరులు తెల్లవారుజామున చల్లబడుచున్నవి. తగు దుప్పట్లు కోరడమైనది' అని మాత్రం రాసింది. దానికి మామిడికాయల దాకా ఆగే పని లేకపోయింది. మూడో రోజే ఆడిట్ అధికారి స్వయంగా కొండెక్కి వచ్చాడు. సన్నగా, ఖర్చు కాకుండా పెరిగిన మనిషి.

"దుప్పట్లు అడిగారు," అన్నాడు. "సూత్రరీత్యా నాకొక అభ్యంతరం ఉంది. దుప్పటి కప్పితే వేడి పిల్ల దగ్గరే ఆగిపోతుంది కదా. వాహనానికి ఎలా చేరుతుంది?"

కులశేఖరరావు గారు ఆదిలక్ష్మి వంక చూశారు. ఈ కోణం ఆయనకు తట్టలేదు.

"నిజమే సార్," అంది ఆదిలక్ష్మి. "కానీ చల్లారిపోయిన పిల్ల ఊరుకోదండీ. పక్కన ఏది వెచ్చగా ఉంటే దాని వేడి లాగేసుకుంటుంది. ఇక్కడ పక్కనున్నది కారే."

కులశేఖరరావు గారు పిల్లల వంక కొత్తగా చూశారు. నలభై మందీ తన బ్యాటరీ లోంచి వేడి తోడేస్తున్నట్టు కనబడ్డారేమో, ఆయన చెయ్యి వెళ్ళి కోటు జేబులో తాళంచెవిని పట్టుకుంది. "వెంటనే మంజూరు చేయండి," అన్నారు.

దుప్పట్లు వచ్చాయి. మనిషికొకటి. దళసరి ఉన్నివి, కంపెనీ చీటీలు కూడా చింపనివి. ఆ రాత్రి పిల్లలు ఎంతకీ పడుకోలేదు. దుప్పటి మొత్తం తనదే అన్న సంగతి నమ్మకం కుదరక, అలవాటు కొద్దీ పక్కపిల్ల చివరను లాగి చూసి నవ్వుకున్నారు. ఆదిలక్ష్మి షట్టరు దగ్గర నిలబడి వాళ్ళను చూసింది. ఆమెకు సంతోషమూ కోపమూ ఒక్కసారే కలిగాయి. ఈ దుప్పట్లు ఈ దేశంలో ఇన్నాళ్ళూ ఏదో ఒక గోదాములో ఉన్నవే. పిల్లల కోసం రాలేదు, కారు కోసం వచ్చాయి.

ఇక ఆమె ఆగలేదు. ఉష్ణవనరులకు ఇంధనం చాలడం లేదని రాసింది. రోజూ గుడ్లు వచ్చాయి, వాటిని ఇంధన పద్దులో చూపారు. పాలు కావాలంటే ఆ పద్దు నిండిపోయిందన్నారు. కందెనల పద్దు ఖాళీగా ఉందని ఆమె చెప్పింది. దాని కింద పాలు వచ్చాయి. స్వెట్టర్లు బాడీ తొడుగుల కింద వచ్చాయి, మేజోళ్ళు టైర్ల కింద వచ్చాయి. సుభద్ర దగ్గు తగ్గక, 'ఉష్ణవనరులలో ఒకదాని నుండి శబ్దము వచ్చుచున్నది' అని ఒక ముక్క రాసేసరికి డాక్టరు గారు జీపేసుకుని వచ్చారు. ఏడాదిగా ఆస్పత్రి జీపుకు డీజిలు లేదు. వాహన సర్వీసు కింద దానికి డీజిలు దొరికింది. ఆయన మందులిచ్చి, వారం తర్వాత మళ్ళీ వచ్చి చూసి, శబ్దం ఆగినట్టు ధ్రువీకరించి వెళ్ళారు. సుభద్ర అప్పటికే వరండాలో గెంతుతోంది.

ఈ ఘనకార్యం విని జిల్లా నుంచి పెద్దసారు తనిఖీకి వచ్చారు. ఆయన కూడా కోటు మీద కోటు వేసుకునే వచ్చారు. బుగ్గలు తేరిన పిల్లలు వరసగా నిలబడ్డారు. మధ్యలో తొడుగు కప్పుకుని కారు. పెద్దసారు వంగి సుభద్ర గడ్డం పట్టుకున్నారు.

"పెద్దయ్యాక ఏమవుతావమ్మా?"

"అయిపోనానండి," అంది సుభద్ర. "ఉష్ణవనరుని."

పెద్దసారు సంతోషించి, ఈ విధానమును ఆదర్శ నమూనాగా పరిగణించవచ్చునని అన్నారు. ఆ రాత్రి తవిటమ్మ ఫోన్లో అంతా విని చాలాసేపు నవ్వింది. తర్వాత నవ్వు ఆగిపోయింది. "మాకు చలి మీకన్నా ఎక్కువ కదా అక్కా," అంది. "మా పిల్లలకి రాత్రి కాళ్ళు కొంకర్లు పోతన్నాయి. మా దారంట ఏ కారూ రాదు. గేటు కూడా లేదు, విరగ్గొట్టడానికి."

ఆదిలక్ష్మి ఆ రాత్రి గుడ్డు తినకుండా పక్కన పెట్టేసింది.

చలి ముదిరింది. తెల్లవారేసరికి బకెట్లో నీళ్ళ మీద గాజుపలకలా మంచు కడుతోంది. సరిగ్గా అప్పుడే కేసు రాజీ అయిపోయింది. కుర్రాడి తండ్రి కొత్త గేటు పెట్టించాడు. సోమవారం నాడు వాహనమును యజమాని ప్రతినిధికి అప్పగించవలెనని ఉత్తర్వు వచ్చింది. వెనకే పెద్దసారు దగ్గర నుంచి ఇంకొకటి వచ్చింది. 'వాహనము తరలిపోవుచున్నందున ఉష్ణవనరుల ఆవశ్యకత ముగిసినది. వారికి సమకూర్చిన దుప్పట్లు, తొడుగులు ఆదివారము సాయంత్రములోగా మూటగట్టి సిద్ధపరచవలెను. ఇంధన సరఫరా నిలిపివేయడమైనది.'

ఆదిలక్ష్మి చదివి బల్ల మీద పెట్టేసింది. ఏం చేయాలో తోచలేదు. ఇన్నాళ్ళూ కారును అడ్డం పెట్టుకుని ఆడిన ఆట, కారు వెళ్ళిపోతే ఆడేదెలా?

"కారు ఎల్లిపోతే ఈళ్ళు మళ్ళీ పిల్లలైపోతారు కదమ్మా," అంది మల్లమ్మ.

ఆదివారం సాయంత్రం దుప్పట్లు మూటలు కట్టారు. పిల్లలే మడతపెట్టి ఇచ్చారు. ఒక్కరూ ఏడవలేదు, అదే ఆదిలక్ష్మికి భరించలేనంత కష్టమైంది. అందరూ పాత గదిలోకి వెళ్ళి, పాత దుప్పట్లలో ముగ్గురేసి దూరారు. గోదాములో కారు ఒక్కతే మిగిలింది. అర్ధరాత్రి దాటాక సుభద్ర దగ్గు మళ్ళీ వినబడింది.

సోమవారం యజమాని తరఫున సర్వీసు మనిషి వచ్చాడు, ఫోన్లో మాట్లాడినవాడే. పెద్దసారు కూడా వచ్చారు, ఫొటోగ్రాఫరుతో. కులశేఖరరావు గారు కొత్త మఫ్లరు కట్టుకున్నారు. సీళ్ళు పగలగొట్టారు. జేబులోంచి తాళంచెవి తీసి, సంచి విప్పి, రెండు చేతులతో అందించారు. సర్వీసు మనిషి మీట నొక్కాడు.

ఏమీ జరగలేదు. మళ్ళీ నొక్కాడు. కారు కన్ను కూడా ఆర్పలేదు.

"బ్యాటరీ దిగిపోయిందండీ," అన్నాడు అతను. "దిగకేం చేస్తుంది, ఛార్జింగు లేకుండా ఇన్నాళ్ళు పెడితే. దుప్పట్లతో కాస్త మెల్లగా దిగుతుంది, అంతే. ఎక్కదు కదా."

"డిక్కీ తెరిచి ఆ ఛార్జరు పెట్టవయ్యా," అన్నారు కులశేఖరరావు గారు. ఇప్పుడు ఆయనకు ఛార్జరు ఉన్నట్టు పూర్తి నమ్మకం కుదిరింది.

"డిక్కీ తాళం కరెంటుతో పనిచేస్తుంది సార్. బ్యాటరీ లేకుండా తెరుచుకోదు. మీ జీపు నుంచి ఒక వైరు తీసుకుని తలుపు దగ్గర తగిలిస్తే సరి, రెండు నిమిషాల పని."

పెద్దసారు చెయ్యెత్తి ఆపారు. "ఒక్క క్షణం. నడుచు స్థితిలో అప్పగించాలని ఉత్తర్వు. నడుచు స్థితి లేదు. కనుక అప్పగింత కుదరదు. అప్పగింత కానంత వరకు ఇది కేసు ఆస్తి. కేసు ఆస్తిలోకి బయటి విద్యుత్తు ఎక్కించడం ఆధారాలను మార్చడమే అవుతుంది."

సర్వీసు మనిషి ఆయన్ని చూశాడు, కారును చూశాడు. తనకు పట్నం బస్సు పట్టుకునే పని ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. కుర్రాడు ఎలాగూ వేరే రంగులో ఇంకో కారు కొనేసుకున్నాడట.

ఇక బాధ్యుల విచారణ అక్కడికక్కడే మొదలైంది. కులశేఖరరావు గారికి ఆ చలిలో చెమట పట్టి మంకీ క్యాపు తడిసింది. ప్రమోషను గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగింది. పెద్దసారు ఒక్కొక్కరినీ అడుగుతూ ఆదిలక్ష్మి దగ్గరికి వచ్చారు.

"వార్డెను గారూ, రాత్రింబవళ్ళు దగ్గరున్నది మీరు. మీ అభిప్రాయంలో బ్యాటరీ ఎందుకు దిగిపోయింది?"

నిజం ఆమెకు తెలుసు. ఇప్పుడే అందరూ విన్నారు కూడా. గోడకు ప్లగ్గుంది, డిక్కీలో ఛార్జరుంది, మధ్యలో ప్రభుత్వముంది. ఆ మాట చెబితే కారు సాయంత్రానికి పట్నం చేరుతుంది. ఆమె షట్టరు పక్కన లారీ కోసం ఎదురుచూస్తున్న మూటల వంక చూసింది. లోపలి గదిలో సుభద్ర దగ్గుతోంది.

"చలేనండి," అంది ఆదిలక్ష్మి. "శనివారం రాత్రి కూడా గది పన్నెండు డిగ్రీలుంది. ఆదివారం పై నుంచి ఉత్తర్వు వచ్చిందని దుప్పట్లు మూటగట్టాం, ఉష్ణవనరుల్ని తీసేశాం. పొద్దున్న చూస్తే మూడు. రాత్రికి రాత్రి కారుకు చలేసిందండి."

అందరూ థర్మామీటరు వంక చూశారు. తర్వాత, మర్యాదగా, పెద్దసారు వంక చూడకుండా కప్పు వంక చూశారు. ఆ ఉత్తర్వు మీద సంతకం ఎవరిదో అందరికీ తెలుసు. కులశేఖరరావు గారి వీపు మెల్లగా నిటారైంది.

పెద్దసారు మఫ్లరు సర్దుకున్నారు. చాలాసేపు దగ్గారు. "మూటలు విప్పండి," అన్నారు చివరికి. "ఆ ఉత్తర్వు పొరపాటున జారీ అయినట్టు భావించవలెను. బ్యాటరీ పూర్వస్థితికి వచ్చు పర్యంతము ఉష్ణవనరులను, ఇంధనమును యథాతథముగా కొనసాగించవలెను."

"ఎన్నాళ్ళు సార్?" అని అడిగారు కులశేఖరరావు గారు.

"పూర్వస్థితికి వచ్చు పర్యంతము," అన్నారు పెద్దసారు, మరో మాటకు తావు లేకుండా.

దుప్పట్ల ఆదరణతో బ్యాటరీ ఎప్పటికి పూర్వస్థితికి వస్తుందో ఆదిలక్ష్మి లెక్క కట్టింది. సుభద్ర పదో తరగతి పాసయ్యేదాకా ఢోకా లేదనిపించింది. మల్లమ్మ అప్పటికే గుడ్లు ఉడకేసింది.

పెద్దసారు జీపు దిగువకు వెళ్ళిపోయాక కులశేఖరరావు గారు తాళంచెవిని మళ్ళీ గుడ్డసంచిలో కట్టుకుంటున్నారు. ప్రాణం లేచివచ్చిన మనిషి గనక ఏదో కూనిరాగం తీస్తున్నారు. ఆదిలక్ష్మి ఆయనకు టీ తెచ్చి ఇచ్చింది. ఇచ్చి, వెళ్ళకుండా నిలబడింది. ఆమె కళ్ళ ముందు కారు లేదు, ఎగువవంజరిలో కొంకర్లు పోతున్న కాళ్ళున్నాయి.

"సార్, ఆ తాళంచెవిలో కూడా బ్యాటరీ ఉంటుంది కదండీ?"

ఆయన కూనిరాగం ఆగిపోయింది. తాళంచెవిని దూరంగా పట్టుకుని చూశారు. "ఉంటుంది. అయితే?"

"అదీ కేసు ఆస్తే కదా. అది కూడా దిగిపోతే? ఇప్పుడంటే పెద్దసారు ఉత్తర్వు అడ్డం వచ్చింది. ఈసారి జేబు మీది."

ఆయన టీ పక్కన పెట్టేశారు. "అయితే దీన్నీ ఆ కారు పక్కనే..."

"రెండూ ఒక్కచోటే ఉంచితే ఎలాగండీ? ఒకదానికేదైనా అయితే రెండోదీ పోదూ? పైన ఎగువవంజరిలో మన వసతిగృహమే ఒకటుంది. యాభై మంది ఉష్ణవనరులు ఖాళీగా ఉన్నారు. దుప్పట్లూ ఇంధనమూ పంపిస్తే చాలు, వార్డెను తవిటమ్మ చాలా జాగ్రత్త మనిషి."

కులశేఖరరావు గారు వెంటనే కలం తీశారు. రాయబోతూ ఆగారు. ఆడిట్ అధికారి ముఖం గుర్తొచ్చిందేమో. "కానీ వార్డెను గారూ, ఇందులో బ్యాటరీ రూపాయి బిళ్ళంత ఉంటుంది. ఇంత చిన్నదానికి యాభై దుప్పట్లు ఎందుకని అడిగితే ఏం చెప్పమంటారు?"

"చిన్నవాటికే చలి ఎక్కువండీ," అంది ఆదిలక్ష్మి.

ఆయన ఆ మాట ఉన్నదున్నట్టు రాసుకున్నారు.